ఎక్కినోడు చెయ్యియ్యాలె

నాయిన ఎక్కాల్సిన బండి ఆగేది కాదు. మెల్లగా అయ్యేది, అంతే.

అది డీసీఎం, సరుకు మోసే బండి. కాంట్రాక్టరుది. పొద్దున్నే సంగారెడ్డి దగ్గర బయలుదేరి, బొంబాయి రోడ్డు వెంట దారిలోని ఊళ్ల మనుషుల్ని ఎక్కించుకుంటూ పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీకి పోయేది. సరుకు బండిలో మనుషుల్ని తీసుకుపోకూడదు. ఆపి ఎక్కించుకుంటుంటే పోలీసులు పట్టుకుంటారు. తాటిపత్రి పట్టా కప్పుకుని తన దారిన తాను పోతున్న బండిని అంతగా పట్టించుకోరు. అందుకని డ్రైవరు ఆపేవాడు కాదు. మా ఊరి దారి పెద్ద రోడ్డులో కలిసే చోట, రోడ్డు వెడల్పు పనుల కోసం బండ్లను మళ్లించిన పక్క దారి మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని మీదికి ఏ బండైనా మెల్లగా రావాల్సిందే. ఆ మెల్లదనమే మా ఊరివాళ్ల స్టాపు.

బండి వెనక తలుపు కిందికి దించి ఉండేది. దాని కింద ఒక ఇనుప మెట్టు. మనిషి బండి వెంట పరుగెత్తాలి, మెట్టు మీద కాలు వెయ్యాలి, పైనుంచి ఒకరు చెయ్యి చాస్తే పట్టుకుని లోపలికి పోవాలి. ఆ చెయ్యి ఎవరు ఇవ్వాలన్న దానికి ఒక పద్ధతి ఉంది. అప్పుడే ఎక్కినవాడు తన వెనకవాడికి ఇస్తాడు. వాడు ఎక్కి, తన వెనకవాడికి. అలా ఆఖరు మనిషి దాకా. "ఎక్కినోడు చెయ్యియ్యాలె" అంటారు. కొత్తగా పనిలో చేరినవాడికి ఎవరైనా మొదట చెప్పేది అదే. ఫ్యాక్టరీలో ఏం పని చెయ్యాలో ఆ తర్వాత చెప్తారు.

ఒకప్పుడు నాయిన ఎవరి పొలంలో కూలికి పోయేవాడో ఆ పటేల్ కూడా అదే బండి ఎక్కేవాడు. పొలం ప్లాట్లయింది, ప్లాట్ల మీద వచ్చిన డబ్బు పోయింది, ఆయన కూడా ఫ్యాక్టరీలో రంగు డబ్బాల పనికి వచ్చాడు. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. మా వాడవాళ్లమంతా ఆయన్ని ఇంకా పటేలా అనే పిలుస్తాం. ఊళ్లో ఆయన చెయ్యి, నాయిన చెయ్యి తగలడం నేనెప్పుడూ చూడలేదు. బండి దగ్గర ఓ రెండు నెలలు రోజూ చూశాను. స్పీడ్ బ్రేకర్ దాటి ఓ పదంగలు పోయే దాకా మాత్రమే ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి.

నేను చూడటానికి కారణం, నా బస్సు కూడా అక్కడే ఎక్కాలి. సంగారెడ్డిలో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, పటాన్‌చెరులో గేర్ల పళ్లచక్రాలు కోసే ఒక చిన్న కంపెనీలో అప్రెంటిస్‌గా ఉన్నాను అప్పుడు. నా బస్సు నాయిన బండి తర్వాత వచ్చేది. అది కూడా పూర్తిగా ఆగేది కాదు గానీ, నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి.

నాయినకు కుడి మోకాలు పోయింది. పడటమో, దెబ్బ తగలడమో ఏమీ లేదు. ఏళ్ల తరబడి బస్తాలు మోసిన కాలు అరిగిపోయింది. మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకునేవాడు. కానీ ఫ్యాక్టరీలో ఆయన పనికి మోకాలితో సంబంధం లేదు. రంగు డబ్బాలు వరసగా ముందుకు వస్తుంటాయి, ఆయన నిలబడి మూత పెట్టి చెక్క సుత్తితో చుట్టూ కొట్టి బిగిస్తాడు. ఆ పని కళ్లు మూసుకుని చేస్తాడు. పని చేయగల మనిషే, పని దాకా చేరలేని మనిషి అవుతున్నాడు. అక్కడ ఎవరినీ ముసలివాడివని తీసెయ్యరు. బండి ఎక్కగలిగితే పనివాడు, ఎక్కలేకపోతే ఆ రోజుకు రానివాడు. చాలా రోజులు రానివాడి పేరు తనంతట తానే పోతుంది.

వేరే దారిలో పోవచ్చు కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లకు నేను వరసగా చెప్పేవాణ్ణి. ఒకటి, గేటు పాసులు డ్రైవరు దగ్గర ఉంటాయి, బండిలో తలలు లెక్క చూసి గేటు దగ్గర ఇస్తాడు; ఆటోలో విడిగా పోయినవాణ్ణి గేటు లోపలికి రానివ్వరు. రెండు, కార్మికుల దవాఖాన కార్డు నాయిన పేరు మీద ఉంది, హాజరు ఉంటేనే కార్డు నడుస్తుంది. మూడు, అప్రెంటిస్‌కు కార్డు ఇవ్వరు. కాబట్టి నా వల్ల కాదు.

కార్డు ఎందుకంటే, అమ్మ చేతుల కోసం. ఆమెకు కీళ్లవాతం. పొద్దున లేవగానే వేళ్లు కట్టెపుల్లల్లా ఉండేవి, వేడి నీళ్లలో కాసేపు పెడితే గానీ ముడుచుకునేవి కావు. దవాఖానలో నెలనెలా ఒక సూది వేసేవారు. బయట ఆ సూది కొనే స్తోమత మాకు లేదు. సూది వేస్తున్నంత కాలం వేళ్లు వంకర పోకుండా ఉంటాయని డాక్టరు ముందే చెప్పాడు. అంటే అమ్మ వేళ్లు నాయిన మోకాలి మీద ఉన్నాయి. మోకాలు ఆ స్పీడ్ బ్రేకర్ మీద ఉంది.

ఒక వారంలో రెండు సార్లు నాయిన బండి అందుకోలేక ఇంటికి తిరిగి వచ్చాడు. రెండో రోజు అమ్మ, "ఎందుకు, బండి రాలేదా?" అంది.

"వచ్చింది."

"మరి?"

"పోయింది."

అమ్మ చేతుల్ని కొంగులో చుట్టుకుంది. నాయినకు కనపడకుండా అలా చుట్టుకోవడం ఆమెకు అలవాటు. నాయిన అటు చూడకపోవడం కూడా అలవాటే.

మరుసటి పొద్దున నేను ముందు డ్రైవరుతో మాట్లాడాను. జోగిపేట దిక్కు మనిషి, నాకంటే అయిదారేళ్లు పెద్ద. బండి వెంట పరుగెత్తుతూనే మాట్లాడాల్సి వచ్చింది. పక్కన తలుపు పట్టుకుని, "అన్నా, జెర ఒక్క నిమిషం ఆపు, మా నాయినకు మోకాలు బాగలేదు" అన్నాను.

"ఒక్కనికి ఆపితే రేపు అందరు ఆపుమంటరు తమ్మీ. పోలీసోడొస్తే నువ్వొస్తవా టేషన్‌కు?"

"ఒక్క సెకండన్నా."

"నిండు బండిని నిలబెట్టి మళ్ల లేపుడంటే ఏందో నీకెర్కనా? సదువుకున్నవు గద." అని గేరు మార్చాడు. నేను తలుపు వదిలేశాను.

ఆ మాటలో తప్పేమీ లేదు. నిండుగా మనుషులున్న బండి ఆగితే, మళ్లీ అదే వేగానికి తేవడానికి ఎంతో బలం కావాలి. డ్రైవరు తన డీజిల్‌ను కాపాడుకుంటున్నాడు. బండి చెయ్యని ఆ పనిని మనుషులు చేస్తున్నారు, ఒక్కొక్కరూ తన ఒంటిని తానే బండి వేగానికి తెచ్చుకుంటున్నారు. ముప్పై మంది కాళ్లు కలిసి ఒక ఇంజను పని చేస్తున్నాయి. ఆ కాళ్లలో ఒకటి పాడైంది.

ఆదివారం నాయినను ఊరి వెనక మట్టిబాట మీదికి తీసుకుపోయాను. నాకు తెలిసిందల్లా ఒక్క సూత్రం. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది. బడిలో చదివినప్పుడు అది మార్కుల కోసం. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలు చేసి ఏ ముక్క మా చేతిలో ఉందో చూశాను. బలం పెంచలేం, అది మోకాలి గుండా పోవాలి. ద్రవ్యరాశి తగ్గించలేం, నాయిన ఒంట్లో తగ్గించడానికి ఏమీ లేదు, అన్నం డబ్బా సంచిని ముందే బండిలోకి విసిరినా అది ఏ మూలకూ రాదు. మిగిలింది త్వరణం. నాయిన స్పీడ్ బ్రేకర్ దగ్గర నిలబడి, బండి వచ్చాక ఒక్కసారిగా ఉరికేవాడు. రెండంగల్లో బండి వేగం అందుకోవాలంటే కాలు నేలను గట్టిగా తన్నాలి. అదే వేగాన్ని ఆరంగల్లో అందుకుంటే మూడో వంతు బలం చాలు. అంటే బండికంటే ముందు బయలుదేరాలి. స్పీడ్ బ్రేకర్‌కు చాలా ఇవతల నుంచి, మెల్లగా, నడకలా మొదలుపెట్టి.

నేను సైకిల్ తొక్కాను. నాయిన పక్కన ఉరకాలి, సైకిల్ తన పక్కకు వచ్చేసరికి తన వేగం, సైకిల్ వేగం ఒకటి కావాలి, నా భుజం మీద చెయ్యి వెయ్యాలి. మొదటి రెండు సార్లు నా భుజాన్ని గుంజితే ఇద్దరం కలిసి కిందపడబోయాం.

"గుంజద్దు నాయినా. ఊరికె చెయ్యి పెట్టు. ఇద్దరి స్పీడు ఒక్కటే అయితే గుంజుడు అవసరమే లేదు."

"గుంజకుంటె ఎట్ల ఎక్కుతర్రా?"

"ఆగున్న బండి ఎట్ల ఎక్కుతవు? గట్లనే. నువ్వు బండి ఒక్క తీరుగ పోతుంటె, నీకు బండి ఆగున్నట్టే."

నాయిన సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "అయితే ఆపకున్నా ఆగుతదన్నట్టు" అన్నాడు. నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

బాట మీద గొర్లను తోలుకుపోతున్న ముసలామె నిలబడి చూసింది. "ఏం తమ్మీ, పోలీసు కొలువుకు తయారైతున్నవా ఈ ఉరుకుడు?"

"నేను కాదక్క, వీడు" అన్నాడు నాయిన. "నేను వీనికి దమ్ము సూపిస్తున్న."

"నీ దమ్ము సూస్తె గొర్లు బెదురుతున్నయి, పో."

ఆ సోమవారం నాయిన బండి ఎక్కాడు. మంగళవారం కూడా. స్పీడ్ బ్రేకర్‌కు చాలా ఇవతల, బండ్లు మళ్లే మూల దగ్గర నిలబడేవాడు. బండి తల కనపడగానే నడక మొదలుపెట్టేవాడు, నడక పరుగయ్యేది, ఆ పరుగు బండి పక్కకు వచ్చేసరికి రెండూ ఒకే తీరుగా పోయేవి. ఎడమ కాలు మెట్టు మీద పెట్టేవాడు. లోపలినుంచి ముందు ఊరివాడు ఎవరో చెయ్యిచ్చేవాడు. నా జీవితంలో నేను చేసిన లెక్క ఒకటి రోడ్డు మీద నడిచి వెళ్లడం అప్పుడే చూశాను. కంపెనీలో నేను కొలిచే పళ్లచక్రాలు ఎక్కడ ఏ యంత్రంలో తిరుగుతాయో నాకు తెలియదు.

అంతకుముందు నాయిన ఎప్పుడూ ఆఖరున ఎక్కేవాడు. ఆఖరువాడి వెనక ఎవరూ ఉండరు కాబట్టి చెయ్యివ్వాల్సిన పని లేదు. ఇప్పుడు మా ఊరివాళ్లలో అందరికంటే ముందు ఎక్కుతున్నాడు. ఆయన వెనక పటేల్. పటేల్ స్పీడ్ బ్రేకర్ మీదే నిలబడేవాడు, ఒక్క ఉరుకు ఉరికి మెట్టెక్కేవాడు, ఆ ఒంటికి అదెలా సాధ్యమో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కాబట్టి నాయిన పటేల్‌కు చెయ్యివ్వాలి.

నేను చెప్పాను. "నువ్వు ఎక్కంగనే లోపలికి పో. మోకాలు బాగలేదని చెప్పు. ఎవ్వలేమనరు."

"గట్లెట్ల?" అన్నాడు. "నాకిచ్చిండ్రు గద."

ఆ చెయ్యి ఇవ్వడం ఆయనకు ఇష్టమని నాకు తర్వాత అర్థమైంది. తలుపు అంచున ఒక చేత్తో గొలుసు పట్టుకుని, ఇంకో చెయ్యి చాచి నిలబడే నాయిన ఇంట్లో ఉండే నాయిన కాదు. పటేల్ ఆ చెయ్యి అందుకుని మెట్టెక్కుతూ, బస్సు కోసం నిలబడ్డ నాకు కూడా వినపడేంత గట్టిగా, "ఏందిరో, నా పొలంల పనిజేసినప్పుడు గిట్ల ఉరికినవా ఎన్నడన్న?" అనేవాడు.

"అప్పుడు ఎన్క నువ్వుంటివి పటేలా, ముందట బండి లేకుండె."

లోపల అందరూ నవ్వేవారు. పటేల్ అందరికంటే గట్టిగా. ఆ మాటను పటేల్ రోజూ ఏదో రకంగా అనిపించుకునేవాడనుకుంటాను. రెండు నెలల సూదులు ఆ నవ్వుల్లోనే గడిచాయి. అమ్మ ఒక పొద్దున పిండి పిసికింది. చాలా కాలానికి మా ఇంట్లో జొన్న రొట్టె చేసింది. ఒక పక్క మాడింది, ముగ్గురం అదే తిన్నాం.

తర్వాత ఒక ముసురు పొద్దు. వాన పడుతూ ఆగుతూ ఉంది. నాయిన ఎప్పటిలాగే మూల దగ్గర నుంచి నడక మొదలుపెట్టి, ఎప్పటిలాగే ఎక్కాడు. పటేల్ ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. ఊరి దారిలోంచి నెత్తి మీద ప్లాస్టిక్ సంచి పెట్టుకుని వస్తుండగానే బండి స్పీడ్ బ్రేకర్ దాటింది. మిగతావాళ్లు పటేల్ కోసం దారి వదిలి నిలబడ్డారు, ఎప్పటి వరస అది. పటేల్ ఉరికాడు. నాయిన చెయ్యి చాచాడు. వేళ్లు అందాయి.

అదే సమయానికి వెనకనుంచి ఒక పెద్ద లారీ హారన్ కొడుతూ దగ్గరికి వచ్చింది. డ్రైవరు దారి ఇవ్వడానికి గేరు మార్చి బండిని ముందుకు లాగాడు.

తర్వాత నేను ఎన్నోసార్లు ఆ కాసేపటిని విడదీసి చూసుకున్నాను. రెండు వేగాలు ఒకటైనప్పుడు చెయ్యి ఊరికే ఆసరా. దానికి బలం అక్కర్లేదు, చిన్న పిల్ల చెయ్యి కూడా చాలు. బండి వేగం పెరుగుతూ, వెనక మనిషి కాళ్లు ఇక అంతకంటే ఉరకలేనప్పుడు, ఆ మనిషిని బండితో సమానంగా తేవాల్సింది ఆ చెయ్యే. పటేల్ ఒంటి మొత్తాన్ని, బండి ఎంత తొందరగా వేగం అందుకుంటుందో అంత తొందరగా లాగాలి. అంత బలం నాయిన చేతిలో లేదు. ఎవరి చేతిలోనూ ఉండదు. అది ఇంజను బలం, మధ్యలో ఒక ముసలి చెయ్యి తాడులాగా ఉంది. తాడు తెగదు, జారుతుంది. అందులోనూ తడి చెయ్యి.

నాయిన వదిలిపెట్టలేదు. నేను ఇవతల నుంచి "ఇడిసిపెట్టు నాయినా" అని అరిచాను. వినపడిందో లేదో తెలియదు. పటేల్ కాళ్లు ఉరకడం మానేసి ఈడ్చుకుపోవడం మొదలైంది. నాయిన ఒంటికాలి మీద వంగి, గొలుసు పట్టుకున్న చెయ్యి పూర్తిగా సాగి, అప్పటికీ పట్టుకునే ఉన్నాడు. అప్పుడు జారింది. పటేల్ భుజం మీద పడ్డాడు. వెనక లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి అంతటితో పోయింది. మెడ కింద ఎముక విరిగింది.

డీసీఎం ఆగింది. ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గర అది ఆగడం నేను అదొక్కసారే చూశాను.

పటేల్ దవాఖాన నుంచి వచ్చాక నాయిన, నేను చూడటానికి వెళ్లాం. నాయిన గేటు బయటే నిలబడ్డాడు, ఆ ఇంటి దగ్గర ఆయన ఎప్పుడూ నిలబడే చోట. పటేల్ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, భుజానికి పట్టీ.

"లోపలికి రారాదు, గాడ నిలవడ్డవేంది?"

నాయిన లోపలికి వచ్చి వసారా మెట్టు దగ్గర ఆగాడు. పటేల్ భార్య నీళ్లు తెచ్చి నాకిచ్చింది. నాయిన వైపు చూడలేదు, లోపలికి వెళ్లిపోయింది.

"తప్పైంది పటేలా" అన్నాడు నాయిన.

"తప్పేం లేదు గని, ఒక్క మాట చెప్పు. ఎందుకు ఇడ్వకపోతివి? జెర ముందుగాల ఇడిస్తె నా కాళ్ల మీద నేను నిలవడ్తుంటి గద. పడకపోతుంటి."

"ఎక్కినోడు ఇడుస్తడా పటేలా?" అన్నాడు నాయిన.

పటేల్ నవ్వబోయాడు. నవ్వితే ఎముక నొప్పి పెట్టింది. కళ్లు మూసుకుని, "ఇడ్వాలెరా. అట్లాంటప్పుడు ఇడ్వాలె" అన్నాడు.

ఆయన అన్నది నిజం. పట్టుకుని ఉంచడమే పడగొట్టింది. వదిలేసి ఉంటే పటేల్ నాలుగంగలు తూలి నిలబడేవాడు, ఆ రోజుకు పని పోయేది, అంతే. ఆ బండికి ఎలా ఎక్కాలో, ఎవరు చెయ్యివ్వాలో పద్ధతి ఉంది. ఎప్పుడు వదిలెయ్యాలో దానికి మాత్రం పద్ధతి లేదు.

బండిలో నాయినను ఎవరూ ఒక్క మాట అనలేదు. పటేల్ పడిన మరుసటి పొద్దున ఆయన మూల దగ్గర నుంచి మామూలుగానే నడక మొదలుపెట్టాడు. నడక పరుగైంది. బండి పక్కకు వచ్చింది. రెండూ ఒకే తీరుగా పోతున్నాయి. మట్టిబాట మీద నేను నేర్పినదానికంటే కూడా బాగా ఉరికాడు ఆ రోజు. నాయిన చెయ్యి చాచాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి తిరిగి ఏదో మాట్లాడుకుంటున్నారు. కాసేపు, అంటే మనిషి ఒక గుక్క నీళ్లు మింగేంతసేపు, ఆయనకు ఆ బండి ఆగి ఉన్నట్టే. ఏ బలమూ అక్కర్లేదు. ఊరికే ఒక చెయ్యి. తర్వాత బండి స్పీడ్ బ్రేకర్ దిగి వేగం అందుకుంది, నాయిన మెల్లగా నడకలోకి వచ్చి, నడక ఆపి, రోడ్డు పక్కన వంగి మోకాలు పట్టుకున్నాడు.

ఆయన వెనక ఉన్న కుర్రవాళ్లు ఉరికి, ఎవరి చెయ్యీ లేకుండానే దూకి ఎక్కారు. ఎక్కి ఒకరికొకరు ఇచ్చుకున్నారు.

అలా ఆ వారమంతా జరిగింది. శనివారం సాయంత్రం ఆ బండి ఎక్కే కుర్రవాణ్ణొకణ్ణి అడిగాను. మా వాడ వాడే, నాకు వరసకు తమ్ముడు.

"ఎందుకిస్తలేరురా చెయ్యి?"

వాడు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "కోపమేం లేదన్నా. నువ్వే సూడు. పెదనాయినకు చెయ్యిస్తె ఆయన ఎక్కుతడు. ఎక్కితె ఎన్కటోనికి ఆయన ఇయ్యాలె. ఇయ్యకుండ ఊకుంటడా? ఊకోడు. మరి ఆయన చెయ్యి ఎవలు పట్టుకోవాలె?"

"ఆయన ఇయ్యడని నేను చెప్త."

"నువ్వు చెప్తవు. ఆయన ఇంటడా?"

వినడు. ఆ పద్ధతిని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఆయనే కాబట్టి ఆ పద్ధతి ఆయనను బయట పెట్టింది. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. వాడి స్థానంలో ఉంటే నేనూ అదే లెక్క వేసేవాణ్ణి, ఇంకా తొందరగా వేసేవాణ్ణి.

నాయిన మరో పక్షం రోజులు పోయి వస్తూ ఉన్నాడు. చొక్కా వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని పోవడం, అదే డబ్బా తెచ్చి ఇంట్లో కూర్చుని తినడం. తర్వాత మానేశాడు. ఏ రోజు మానేశాడో నేను గమనించలేదు. నా బస్సు కోసం నేను ఒక్కణ్ణే నిలబడి ఉన్నానని ఒక పొద్దున తెలిసింది.

పటేల్ ఎముక అతుక్కుంది గానీ బండికి తిరిగి రాలేదు. వెలిమెల దిక్కు కొత్తగా కట్టిన ఇళ్ల గేటు దగ్గర కుర్చీలో కూర్చునే కాపలా పని దొరికింది. అలాంటిదే ఒకటి నాయినకు కూడా చూస్తానని కబురు పంపాడు. అక్కడ కార్డు లేదు.

కార్డు ఆగిపోయింది. సూదులూ ఆగాయి. అప్రెంటిస్ గడువు అయ్యాక నా చోట కొత్తవాణ్ణి తీసుకున్నారు. కొన్నాళ్లు తిరిగి, ఇంకో కంపెనీలో కాంట్రాక్టు మీద తనిఖీ పనిలో చేరాను. ఆ పనికి కార్డు ఉంది. కానీ చేరిన రోజే అది పెద్ద వైద్యానికి పనికి రాదు, కొన్ని నెలల హాజరు పడాలి. ఆ నెలలన్నీ నేను ఒక్క రోజు కూడా మానలేదు. జ్వరంతో కూడా పోయాను. కార్డు చెల్లుబాటైన వారంలోనే అమ్మను దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు అమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని చూశాడు. వేళ్లన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి, గాలికి వాలిన పైరులా. సూది మళ్లీ మొదలుపెడదాం అన్నాడు.

"మళ్లీ సక్కగైతయా సార్?"

"ఇంకా వంగకుండా ఆగుతాయమ్మా. వంగినవి వెనక్కి రావు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు బయలుదేరిన కుదుపుకు ముందు సీటు కడ్డీ పట్టుకోబోయింది. వేళ్లు చుట్టుకోలేదు. రెండు మణికట్లూ కడ్డీకి ఆనించి కూర్చుంది. కదులుతున్నదాన్ని ఆపడానికి ఒక బలం కావాలి. నేను ఏడాది పాటు దాని వెంటే ఉరికి తెచ్చాను. అది వచ్చేసరికి కదిలేది తాను పోవాల్సిన చోటికి పోయి నిలబడింది. వెనక్కి తేవడానికి ఇంకో బలం కావాలి, అలాంటిది ఏ దవాఖానలోనూ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ డబ్బాకూ మూత ఉండదు. అమ్మ చేతులకు మూతలు రావు. ఏళ్లుగా మూతలు బిగించిన నాయిన పొద్దున లేవగానే పప్పు, ఉప్పు, చక్కెర, కారం, అన్నిటి మూతలూ తీసి ఒక మూల పేర్చి పెడతాడు, ఆమెకు ఇబ్బంది లేకుండా. మొన్న నేను పనికి బయలుదేరుతుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"చక్కెరకు చీమలు పట్టినయి సూడు."

"మూత పెట్టాల్నా?"

"పెడితె మళ్ల ఎవలు తీస్తరు?"

రోడ్డు మీద ఆ సమయానికి వచ్చే డీసీఎం స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా అయి, మళ్లీ వేగం అందుకున్న చప్పుడు ఇంటి దాకా వినిపించింది. అది పూర్తిగా పోయాక నాయిన అన్నాడు.

"నేనింట్లనే ఉంట గద."